మూడు రోజుల సభ, ముప్ఫై గంటల ప్రయాణం

అమెరికా తెలుగు సభలకు పిలుపొచ్చిందని తెలియగానే మా నల్లగొండలో అడిగే మొదటి మాట: "టికెట్టు వాళ్లే పెట్టిన్రా మేడం?" రెండో మాట: "ఎవరింట్ల ఉంటరు?" మొదటిదానికి జవాబు మన చేతిలో ఉండదు. రెండోదానికి మనం చెప్పే జవాబును బట్టే ప్రయాణం సుఖమో కష్టమో తేలిపోతుంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులు, వెంట తోడు లేకపోవడం, వీటన్నిటితోనే సభలకు వెళ్లొస్తున్నాను కనుక ఖరాకండిగా చెప్తాను. సభ జరిగే మూడు రోజులూ ఎవరింట్లోనూ దిగకండి. సభాప్రాంగణానికి నడిచిపోయేంత దూరంలో గది తీసుకోండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

ఎందుకంటారా? అట్లాంటా సంగతే చూడండి. 2024 జూన్ 7, 8, 9 తేదీల్లో అమెరికా తెలుగు సంఘం, అదే మనం ఆటా అనేది, తన 18వ మహాసభలను అక్కడి జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటర్‌లో జరిపింది. అది నగరం నడిబొడ్డున ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, సువానీ, కమింగ్ మాత్రం ఉత్తరాన 40 నుంచి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నల్లగొండలో సభ పెట్టుకొని రోజూ సూర్యాపేటకు పోయి పడుకున్నట్టు. పైగా మధ్యలో ఎక్కడానికి బస్సు ఉండదు. కారు నడిపే మనిషికి తీరిక ఉండాలి.

జాన్స్ క్రీక్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోన్లో అలిగాడు కూడా. "చిన్నమ్మా, మా ఇంట్ల ఇన్ని రూములుండంగ హోటలెందుకు నీకు? నేను దింపుత, నేనే తీసుకొస్త."

"నువ్వు శుక్రవారం లీవ్ పెడ్తవారా?"

"పొద్దున ఒక్క మీటింగుంటది, అంతే."

ఆ ఒక్క మీటింగు అయ్యేసరికి సాహిత్య సదస్సు సగం అయిపోతుంది. రాత్రి పాటల కార్యక్రమం పన్నెండు దాటుతుంది. వాడు నాకోసం కారులో కునికిపాట్లు పడాలి, లేదా వాడికోసం నేను మధ్యలో లేచి రావాలి. ఈ మొహమాటం ఇద్దరికీ వద్దు. బంధువుల ఇళ్లకు సభ అయ్యాక వెళ్దాం.

ఎవరి సభ, ఎప్పుడు

తెలుగువాళ్లు సభల కోసం సముద్రాలు దాటడం కొత్తేం కాదు. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రెండోది 1981లో కౌలాలంపూర్‌లో, మూడోది 1990లో మారిషస్‌లో. అమెరికాలో తానా తొలి సభ 1977లో జరిగింది. ఆ తర్వాత ఆటా వచ్చింది, నాటా, నాట్స్ వచ్చాయి. తెలంగాణ పేరుతో టీటీఏ వచ్చింది. దాని వ్యవస్థాపకులు పైళ్ల మల్లారెడ్డి మా పాత నల్లగొండ జిల్లాలోని సుంకిశాల నుంచి వెళ్లినవారే. మామూలుగా బేసి సంవత్సరాల్లో తానా, సరి సంవత్సరాల్లో ఆటా సభలు పెడతాయి. దాదాపు అన్నీ మే చివరి నుంచి జులై మధ్యలోనే వస్తాయి. అక్కడ పిల్లలకు అప్పుడే బడి సెలవులు. మనకు అప్పుడే విమానం టికెట్లు మండిపోతాయి. కాబట్టి తేదీ ప్రకటించిన రోజే మీ పని మొదలవ్వాలి.

పిలుపు లేఖ చేతికి రాగానే సిగ్గుపడకుండా నాలుగు విషయాలు అడగండి. టికెట్టు ఎవరిది? గది ఎవరిది, ఎన్ని రాత్రులకు? గదిలో ఇంకెవరైనా ఉంటారా? నా ప్రసంగం ఏ రోజు, ఎన్ని నిమిషాలు? వీటికి జవాబులు మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో "అన్నీ మేం చూస్కుంటం సార్" అన్న మాట మంచిదే, కానీ అన్న మనిషికి సభ రోజుల్లో ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. తప్పు వాళ్లది కాదు. వాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూ సేవగా ఈ పని నెత్తికెత్తుకున్నవాళ్లు.

పాస్‌పోర్టులో పేరు, కిటికీ దగ్గర మాట

పాస్‌పోర్టు కోసం ఇప్పుడు హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో తపాలా కార్యాలయంలోనే సేవా కేంద్రం ఉంది. కొత్తది తీసుకునేవాళ్లు ఇంటిపేరు గడి ఖాళీ వదలొద్దు. మన దగ్గర సర్టిఫికెట్లలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద రెండో గడిలో ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు ముద్రిస్తారు. ఇక విమానం టికెట్టులో ఒక పేరు, వీసాలో ఒక పేరు, హోటల్లో ఇంకో పేరు. ప్రతి కౌంటర్ దగ్గరా వివరణలే. ముందే సరిచేయించుకుంటే పీడ పోతుంది.

సభకు వెళ్లి మాట్లాడి రావడానికి బీ1/బీ2 వీసా సరిపోతుంది. డీఎస్-160 అనే ఫారం ఇంటర్నెట్‌లో నింపాలి. ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. ఫీజులూ నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు కాన్సులేట్ వెబ్‌సైటులోనే చూసుకోండి. హైదరాబాద్ పని రెండు సార్లుంటుంది: వేలిముద్రలకు ఒక రోజు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు ఇంకో రోజు. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టొచ్చు.

ఇంగ్లిష్ రాదని భయపడేవాళ్లకు ఒక మాట. ఇంటర్వ్యూ కిటికీ దగ్గర తెలుగులో జవాబు చెప్పొచ్చు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో తడబడటం కంటే సూటిగా తెలుగులో చెప్పడమే మేలు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్ని రోజులు, ఖర్చు ఎవరిది, తిరిగొచ్చాక ఇక్కడ ఏం చేస్తారు? ఈ నాలుగింటికి నాలుగు వాక్యాలు చాలు. పిలుపు లేఖ దగ్గర ఉంచుకోండి. కానీ అదుంటే వీసా వచ్చినట్టే అనుకోకండి.

కళాకారులకు, చేనేతవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పారితోషికం తీసుకొని ఆడి పాడాలంటే వేరే రకం వీసా కావాలి. చీరలు తీసుకపోయి స్టాల్ పెట్టి అమ్మడమూ ఈ సందర్శకుల వీసాతో అయ్యే పని కాదు. పిలిచిన సంఘంతో ముందే తేల్చుకోండి.

శంషాబాద్ దాకా

విమానాశ్రయం విషయంలో పాలమూరువాళ్లు అదృష్టవంతులు. 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారడంతో అది వాళ్ల దారిలోకే వచ్చింది. జడ్చర్ల, షాద్‌నగర్, కొత్తూరు మీదుగా 44వ నంబరు రహదారిలో సూటిగా పోవడమే. మాకు నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి చుట్టు తిరగాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర పండగ ముందు రోజుల్లో బండ్లు ఎలా ఆగిపోతాయో విజయవాడ రోడ్డు ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. విమానానికి నాలుగు గంటల ముందు చేరేట్టు లెక్క వేసుకొని, దానికి ఇంకో గంట కలుపుకోండి.

తేదీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. గల్ఫ్ మీదుగా పోయే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్టు మీద 4వ తేదీ తెల్లవారుజామున మూడున్నర అని ఉంటే, ఇంట్లోంచి కదలాల్సింది 3వ తేదీ సాయంత్రం. క్యాలెండర్‌లో 3వ తేదీకే గుండు సున్నా చుట్టండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టికెట్టు కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి. డబ్బు తీసుకోరు. నామోషీ అక్కర్లేదు. దోహాలోనో లండన్‌లోనో విమానం మారేటప్పుడు ఒక గేటు నుంచి ఇంకో గేటుకు ఎంత దూరం ఉంటుందో నడిచినవాళ్లకే తెలుసు. దోహా నుంచి అట్లాంటాకు పదిహేను గంటలకు పైగా కూర్చోవాలి. గంటన్నరకోసారి లేచి సీట్ల మధ్య సందులో అటూ ఇటూ నడవండి. నీళ్లు తాగుతూ ఉండండి.

సద్ది మూటలో ఏముండాలి

పెద్ద సంచులు సాధారణంగా రెండు, ఒక్కోటి 23 కిలోలు. అంత ఉందని అంతా నింపకండి. సభాప్రాంగణం దగ్గర హోటల్లో దిగి, రైలెక్కి తిరగాలనుకునేవాళ్లు ఒక పెద్ద సంచి, ఒక చిన్న సంచితోనే బయల్దేరాలి. రెండో పెద్ద సంచిని మెట్ల దగ్గర ఎవరెత్తుతారు?

తినేవాటిలో పొడిగా ఉండేవి మంచివి. సకినాలు, మురుకులు, వేయించిన అటుకులు, కరకరలాడే జొన్న రొట్టెలు, కందిపొడి. ముంబైకి పనికి పోయే పాలమూరు జనం తరతరాలుగా మూటలో ఎండు రొట్టెలే కట్టుకున్నారు, రోజుల తరబడి నిలుస్తాయని. మనకూ అదే దారి. శాకాహార పచ్చళ్లు పెద్ద సంచిలో గట్టిగా మూతపెట్టి సర్దొచ్చు. చేతి సంచిలో పెడితే నూనె ఉందని తీసేస్తారు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలు వద్దు. అమెరికాలోకి మాంసపు సరుకు రానివ్వరు.

ఎండు కొబ్బరి చిప్పలు మంట అంటుకునే సరుకు కింద లెక్క, శంషాబాద్‌లోనే ఆగిపోతాయి. మసాలా కోసం గసగసాలు పొట్లం కట్టుకునేవాళ్లు జాగ్రత్త. దుబాయిలో, సౌదీలో, సింగపూర్‌లో గసగసాలు మత్తు పదార్థాల చట్టం కిందికొస్తాయి. ఆ దారిలో విమానం మారేవాళ్లు ఒక్క చెంచా కూడా తీసుకపోవద్దు.

ఇక పచ్చి కరివేపాకు. అక్కడ దొరకదేమోనని ప్రతి తల్లీ ఒక కట్ట చుట్టి పెడుతుంది. అమెరికా అధికారులు కరివేపాకు మీద ఎందుకంత పట్టుదలగా ఉంటారో మా జిల్లా బత్తాయి రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. కరివేప నిమ్మజాతి చెట్టే. బత్తాయి, నిమ్మ తోటలను ఎండగొట్టే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగు దాని ఆకుల మీదా ఉంటుంది. ఆ తెగులుతో ఫ్లోరిడాలో నారింజ తోటలు నాశనమయ్యాయి. అందుకే ఆకు కనిపిస్తే చెత్తబుట్టలోకే. పచ్చి గోంగూర, పండ్లు కూడా అంతే.

తినే సరుకు ఏమైనా ఉందా అని విమానం దిగాక అడుగుతారు. ఉంటే ఉందనే చెప్పండి. చెప్పి చూపిస్తే, పనికిరానిది తీసేసి మిగతాది ఇచ్చేస్తారు. లేదని చెప్పి దొరికితే జరిమానా పడుతుంది.

ఇచ్చి పుచ్చుకునే కానుకలకు మన జిల్లాలను మించిన చోటు లేదు. పోచంపల్లి దుపట్టా, నారాయణపేట నూలు చీర, పెట్టే స్తోమత ఉంటే గద్వాల చీర. బరువుండవు, పగలవు, ఏ అధికారీ ఆపడు.

మందులు, డబ్బు, ఫోను

మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద సంచి ఒక రోజు ఆలస్యంగా రావొచ్చు, బీపీ మాత్ర ఆలస్యం కాకూడదు. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో కలిపేయకండి. డాక్టరు చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు రాయించుకోండి. ఇన్సులిన్ పెద్ద సంచిలో పెడితే విమానం అడుగున చలికి గడ్డకట్టవచ్చు. అట్లాంటా వేసవి టైముకు మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో బయల్దేరకముందే డాక్టర్ని అడగండి. ప్రయాణ బీమా తప్పనిసరి. అక్కడ ఎమర్జెన్సీ వార్డులో ఒక్క రాత్రి ఉంటే వచ్చే బిల్లు మన పెన్షన్‌తో తీరేది కాదు. ముందునుంచి ఉన్న జబ్బులకు ఆ బీమా వర్తిస్తుందో లేదో చదివి కొనండి.

ఒక్కో ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకా తీసుకపోవచ్చు. అంత అక్కర్లేదు. చిన్న నోట్లు కొన్ని, ఒక ఫారెక్స్ కార్డు చాలు. అయితే హోటల్లో దిగేటప్పుడు పూచీ కింద కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, ఖాళీ చేశాక వదిలేస్తారు. గది సంఘంవాళ్లు ఇచ్చిందైనా సరే, ఈ కార్డు మాత్రం మనల్నే అడుగుతారు. దానికి క్రెడిట్ కార్డు పెట్టండి. ఫారెక్స్ కార్డు పెడితే చేతిఖర్చు డబ్బు ఇరుక్కుపోతుంది.

ధర చీటీ మీద ఉన్నది చివరి ధర కాదు. అట్లాంటాలో దుకాణం బిల్లు మీద 8.9 శాతం పన్ను కలుస్తుంది. కూర్చుని తినే హోటల్లో బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి మర్యాద. పది డాలర్ల భోజనమంటే పదమూడు అనుకోవాలి.

మన ఫోన్‌పే, గూగుల్ పే అక్కడి దుకాణాల్లో నడవవు. బ్యాంకు ఓటీపీలు మన నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్ తీసేయకండి, రోమింగ్ పెట్టించుకోండి. అక్కడి ప్లగ్గు బల్లపరుపు పుల్లలది, కరెంటు 120 వోల్టులే. ఫోన్ ఛార్జర్ పనిచేస్తుంది. ఇక్కడి నీళ్లు కాచే కెటిల్ మాత్రం అక్కడ సరిగ్గా పనిచేయదు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

దిగినాక దారి

సభకు కనీసం రెండు రోజుల ముందు దిగండి. సభ పొద్దున దిగినవాళ్లు ముందు వరుసలో కూర్చుని గురక పెట్టడం నేను చూశాను. దిగిన రోజు ఎంత నిద్ర వచ్చినా రాత్రి తొమ్మిది దాకా మేలుకోండి. జూన్‌లో అక్కడ ఆ వేళ దాకా వెలుతురుంటుంది కనుక నడవడానికి వీలవుతుంది.

ఇమిగ్రేషన్ దగ్గర అడిగేది తక్కువ. "ఎందుకొచ్చారు?" "తెలుగు కాన్ఫరెన్స్." "ఎన్ని రోజులు?" "రెండు వారాలు." "ఎక్కడ ఉంటారు?" హోటల్ బుకింగ్ కాగితం ముందుకు జరపడమే. అడిగినదానికే జవాబు చెప్పాలి, మన సాహిత్య సేవ గురించి అక్కడ ఉపన్యాసం అక్కర్లేదు. వీసా పదేళ్లకు ఇచ్చినా, ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చో నిర్ణయించేది ఈ అధికారే. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో పడుతుంది. దాన్ని ఇంటర్నెట్‌లో చూసి రాసిపెట్టుకోండి.

అట్లాంటా విమానాశ్రయంలో ఒక మెలిక ఉంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు బయటపడే టెర్మినల్ ఒక పక్క, నగరంలోకి పోయే మార్టా రైలు స్టేషన్ ఇంకో పక్కన దేశీయ టెర్మినల్‌లో. రెండింటి మధ్య ఉచిత బస్సు తిరుగుతుంది. బయటికి రాగానే ట్యాక్సీవాళ్లు కనిపిస్తారు, ఆ బస్సు కోసం మాత్రం బోర్డు వెతకాలి. బస్సు దిగి, లోపలికి నడిస్తే రైలు స్టేషన్.

టికెట్టు యంత్రం ముందు నేను నిలబడి ఉండగా నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టర్ గారొకరు కలిశారు. ఆయనకూ సభకే. తీసుకపోతామన్నవాళ్లు ట్రాఫిక్‌లో ఉన్నారని అప్పుడే ఫోనొచ్చింది. తెర మీద కొత్త కార్డు అన్న గడి నొక్కితే రెండు డాలర్లకు బ్రీజ్ కార్డు, అందులో ఒక ప్రయాణానికి రెండున్నర డాలర్లు. ఇవి 2024 నాటి ధరలు. దారి చాలా తేలిక. ఎరుపు గీత బండైనా బంగారు గీత బండైనా ఉత్తరానికే పోతుంది. ఏదో ఒకటెక్కి ఫైవ్ పాయింట్స్ అనే స్టేషన్‌లో దిగాలి, దాదాపు ఇరవై నిమిషాలు. అక్కడ నీలం గీతో ఆకుపచ్చ గీతో, పడమటికి పోయే బండి ఎక్కాలి. ఒక్కటే స్టేషన్. దిగి పైకొస్తే కాంగ్రెస్ సెంటర్ పక్కనే.

సారు కాగితం మీద "ఉత్తరం, ఐదు మూలలు, పడమర, ఒకటి" అని రాసుకొని జేబులో పెట్టుకున్నారు. పడమటి బండి దిగినాక నవ్వి, "మేడం, ఇగ ఎవరొచ్చినా రాకపోయినా మనకు నడుస్తది" అన్నారు. ఆ మూడు రోజులూ ఆయన ఎవరి కారు కోసమూ ఎదురుచూడలేదు.

ఇంకో హెచ్చరిక. అట్లాంటాలో పీచ్‌ట్రీ పేరుతో వీధులు పదుల్లో ఉన్నాయి. హోటల్ "పీచ్‌ట్రీలో" అని ఎవరైనా చెబితే అది చిరునామా కాదు. వీధి పూర్తి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్ కాగితం మీద ఉండాలి, ఫోన్ ఛార్జింగు అయిపోయినా పనికొచ్చేట్టు.

సభలో

జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటర్ 1976లో తెరిచారు. ప్రదర్శనలకే 15 లక్షల చదరపు అడుగుల చోటుంది. ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పోవడమంటే మా క్లాక్‌టవర్ నుంచి రైల్వే స్టేషన్ వైపు నడిచినంత పని. మొదటి రోజు పట్టుచీరకు తగ్గ చెప్పులతో వచ్చిన ఆడవాళ్లంతా రెండో రోజు పోచంపల్లి చీర కింద స్పోర్ట్స్ షూ వేసుకొని హాయిగా తిరిగారు. సభ ముందు రోజే ఖాళీగా ఉన్న హాల్లో తిరిగి మీ వేదిక, భోజనాల చోటు, మరుగుదొడ్డి ఎక్కడో చూసుకోండి. మెడలో వేసే బ్యాడ్జి గదిలో మరిచిపోతే గుమ్మంలోనే ఆగాలి.

ఒకే వేళకు నాలుగైదు గదుల్లో కార్యక్రమాలు నడుస్తుంటాయి: సాహిత్యం ఒక చోట, మహిళా వేదిక ఒక చోట, పాత విద్యార్థుల కలయికలు, పెళ్లిసంబంధాల వేదిక, వ్యాపార సదస్సు. ముద్రించిన సమయాలు జరుగుతుంటాయి. ప్రసంగం ఇరవై నిమిషాలకు రాసుకున్నా, పది నిమిషాలదీ ఐదు నిమిషాలదీ కూడా సిద్ధంగా పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో చెప్పదలచుకున్నది మొదట్లోనే చెప్పేస్తే, సమయం అయిందన్న చీటీ అందినప్పుడు మాట తెగదు.

సొంత పుస్తకాలు యాభై మోసుకపోయేవాళ్లుంటారు. పది చాలు. తెచ్చినవాటిని సన్మానాల హడావిడిలో ఎవరికి ఇస్తే ఎవరు ఎక్కడ పెట్టారో తెలియదు. చదివేవాళ్లను గుర్తుపట్టి చేతికివ్వండి, మిగతావాళ్ల చిరునామాలు తీసుకోండి. ఇచ్చే జ్ఞాపికలు అద్దానివో ఇత్తడివో అయి బరువుంటాయి. తిరుగు ప్రయాణం సంచిలో వాటికి రెండు కిలోలు వదలాలి. శాలువా మాత్రం వెంటనే పనికొస్తుంది. ఆ హాళ్లలో ఏసీ చలి అలాంటిది. సన్మానం మధ్యాహ్నం ఉంటే పొద్దునంతా వణకాలి కనుక ఇంటి నుంచే ఒకటి తీసుకపోండి.

ఒక పూట ఊరు

సభ మధ్యలో ఒక పూట దొంగిలించైనా ఊరు చూడండి. అట్లాంటాలో అందుకు ట్యాక్సీ కూడా అక్కర్లేదు. సెంటెనియల్ ఒలింపిక్ పార్కు దగ్గర వీధి ట్రాము ఎక్కితే, ఒక డాలరుకు మార్టిన్ లూథర్ కింగ్ పుట్టి పెరిగిన ఆబర్న్ అవెన్యూ దగ్గర దింపుతుంది. ఆయన ప్రసంగించిన ఎబినీజర్ చర్చి, నీళ్ల నడుమ ఆయన సమాధి, ఆవరణలో గాంధీ విగ్రహం. ప్రవేశానికి రుసుము లేదు.

నల్లగొండవాళ్లకు అక్కడ ఇంకో సంగతి ఉంది. 1959లో కింగ్ మన దేశానికి వచ్చినప్పుడు వినోబా భావేను కలిశారు. వెళ్లాక రాసిన వ్యాసంలో భూదానోద్యమాన్ని మెచ్చుకున్నారు. ఆ ఉద్యమం పుట్టింది మా పోచంపల్లిలో, 1951 ఏప్రిల్ 18న, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడినప్పుడు. అక్కడి ఉద్యోగిని ఒకామె నా చీర అంచు చూసి ఎక్కడిదని అడిగితే, చీర ఊరూ భూదానం ఊరూ ఒకటేనని చెప్పాను. ఆమె కాగితం తీసి ఊరి పేరు ఒక్కో అక్షరం రాసుకుంది. సభలో ఐదు నిమిషాలు మాట్లాడిన నేను అక్కడ అరగంట మాట్లాడాను.

తిరుగు ముఖం

సభ అయ్యాక బంధువుల ఇంటికి నిండు మనసుతో వెళ్లండి. మా అక్క కొడుకు ఆదివారం రాత్రి వచ్చి తీసుకపోయాడు. అప్పుడు వాడికీ తొందర లేదు, నాకూ లేదు. వాళ్లింట్లో ఉన్న వారం రోజులూ పొద్దున పిల్లలతో, సాయంత్రం వాళ్లతో కూర్చున్నాను. సభ బాధ్యత వాళ్ల నెత్తిన పెట్టి ఉంటే ఈ తీరిక దొరికేది కాదు. చుట్టం చూపుకూ సభ పనికీ రోజులు వేరువేరుగా కేటాయిస్తే రెండూ దక్కుతాయి.

ఇంటికొచ్చాక పదిరోజుల్లోపు పిలిచినవాళ్లకు కృతజ్ఞత లేఖ రాయండి. మీ ఖర్చులు, దారి, హోటల్, ఎదురైన ఇబ్బందులు ఒక కాగితం మీద పెట్టి, మీ తర్వాత వెళ్లేవాళ్లకు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి చెప్తున్నాను. విమానం దిగిన మర్నాడే "అమెరికా వెళ్లొచ్చిన సందర్భంగా" అంటూ మన ఊళ్లో సన్మానం పెడతారు. ఒప్పుకోకండి. తొమ్మిదిన్నర గంటల నిద్ర బాకీ తీరడానికి కనీసం వారం పడుతుంది. అప్పటిదాకా మరో శాలువా ఎటూ పోదు.